సబ్బుకి చెక్క అచ్చు: ఏ చెక్క, ఎంత కొలత, లోపల ఏం పరచాలి

చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఇంట్లో మిగిలిన టేకు ముక్కలతో కడపలో మీ వీధి ఆచారి దగ్గర అచ్చు పెట్టె చేయించుకున్నావు. లోపలా బయటా పాలిష్ కొట్టించావు. అరకేజీ నూనెలతో సబ్బు కలిపి పోస్తే రెండు రోజులైనా ఊడి రాలేదు. చాకు పెట్టి తవ్వితే అంచులన్నీ గోధుమరంగు జిగటగా వచ్చాయి. ఏ చెక్క మంచిది, కొలతలెంత, లోపల కాగితం తప్పదా, ఈ పెట్టె ఇక పనికిరాదా అని అడిగావు. అన్నిటికీ చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ గోధుమరంగు సంగతి. మనవైపు ఆచారులు గుడ్డతో రుద్దే పాలిష్ చాలావరకు లక్కే. చపడా అనే లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి పొర మీద పొర ఎక్కిస్తారు. తలుపుకి, మంచానికి దాన్ని మించిన అందం లేదు. కానీ లక్క క్షారానికి కరిగిపోతుంది. సబ్బు కోసం నూనెల్లో కలిపే కాస్టిక్ సోడా గట్టి క్షారం, పచ్చి సబ్బులో అది ఇంకా మిగిలే ఉంటుంది కదా. నీ పెట్టెలో పోసిన మిశ్రమం ఆ రాత్రంతా పాలిష్‌ని కరిగించుకుంటూ చెక్కలోకి దిగింది. అందుకే ఊడలేదు. తవ్వి తీసిన సబ్బులో రంగు పట్టిన అంచుల్ని అర అంగుళం మేర కోసి పారెయ్యి. లోపలి భాగాన్ని ఆరబెట్టి గిన్నెలకో బట్టలకో వాడుకో. ఒంటికి వద్దు.

నాకూ సరిగ్గా ఇదే జరిగింది. మా నాయన కర్నూలులో వడ్రంగి. నేను సబ్బులు మొదలుపెట్టిన కొత్తలో అట్టపెట్టెల్లో, పాల డబ్బాల్లో పోసేదాన్ని. అవి పక్కలకి ఉబ్బి, సబ్బు బిళ్లలు ఒకటి లావు ఒకటి సన్నం వచ్చేవి. అది చూసి నాయన నాకోసం టేకుతో పెట్టె చేసినాడు. మూలల్లో మేకు లేదు, పళ్లు పళ్లుగా కోసి ఒకదానిలో ఒకటి దించి జిగురు పెట్టినాడు. వెంట్రుక కూడా దూరని అతుకు. లోపల కూడా పాలిష్ మెరుస్తా ఉండేది. మూడో రోజు ఆ పెట్టెని బోర్లించి తట్టినాం, ఎండలో పెట్టినాం, ఫ్రిజ్‌లో పెట్టినాం. చివరికి నాయనే ఉలి తీసుకుని తన చేత్తో చేసిన మూలని తనే చీల్చినాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం చీలిన పలకని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "విడిపోకుండా చేయడమే నేను నేర్చుకున్నానమ్మా, విడిపోయేది కావాలని నువ్వు చెప్పలేదు కదా" అన్నాడు.

ఆ ఒక్క మాటలోనే సబ్బు అచ్చు పనంతా ఉంది. ఏ ఆచారి అయినా పెట్టె అంటే గట్టిగా నిలిచేదే చేస్తాడు, అది ఆయన విద్య. సబ్బు అచ్చు మాత్రం ప్రతి మూడు రోజులకీ విప్పి మళ్లీ బిగించేది. కాబట్టి నువ్వు అడగాల్సింది పెట్టె అని కాదు, "నాలుగు పలకలు, ఒక అడుగు, బిగించుకోవడానికి మరలు" అని. జిగురు ఎక్కడా వద్దు. తెల్ల జిగురు క్షారం తగిలితే మెత్తబడి పట్టు వదిలేస్తుంది, అదొక కారణం. ఇంకో సంగతి, చెక్క పని బరువు ఆపడం, వేడి నిలపడం, అంతే. సబ్బుకి తగలాల్సింది లోపల పరిచిన షీటు. ఈ రెండూ మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

ఇక చెక్క. సామిల్లుకి పోతే ముందు వేప, తుమ్మ, మామిడి చూపిస్తారు. వేప పురుగు పట్టదు, మంచిదే, కానీ పచ్చిగా ఉన్నది కోయించుకుంటే మన ఎండలకి మెలితిరిగి పడవలా అవుతుంది. పాత ఇంటి ద్వారబంధం విప్పినప్పుడు వచ్చిన వేప అయితే నిశ్చింతగా వాడుకో. తుమ్మ వద్దు. తోలు పదును పెట్టడానికి తుమ్మ చెక్కు వాడేది దానిలోని వగరు కోసమే. ఆ వగరు క్షారం తగిలితే నల్లగా దిగి సబ్బుకి మరక పెడుతుంది. పైగా మర బిగిస్తే చీలుతుంది. టేకులోనూ జిడ్డు, రంగు ఉంటాయి. షీటు పరిస్తే ఇబ్బంది లేదు గానీ అంత ఖరీదు అక్కర్లేదు. మామిడి చవక, కానీ తేమ పీల్చుకుంటుంది, పురుగు త్వరగా పడుతుంది.

నేను పదేళ్లుగా వాడుతున్నది పైన్. యంత్రాలు, టైల్స్ వచ్చే పెట్టెల చెక్క. తేలిక, తిన్నగా ఉంటుంది, మర బాగా పడుతుంది. కణుపులు ఉన్న చోట జిగురు కారుతుంది, అవి తప్పించి కోయించు. దిగుమతి పెట్టెల మీద కాల్చిన ముద్ర ఒకటి ఉంటుంది, అది చూసి తీసుకో. హెచ్‌టీ అని ఉంటే చెక్కని వేడిచేసి పురుగు చంపినట్టు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినట్టు. అలాంటిది ఇంట్లోకి తేవద్దు. పైన్ దొరక్కపోతే ప్లైవుడ్. మాడ్యులర్ కిచెన్‌లు చేసే షాపుల్లో పక్కన పడేసిన ముక్కలు అడిగితే ఇస్తారు. 18 మిల్లీమీటర్ల మందం, మీద ఐఎస్ 710 ముద్ర ఉంటే అది నీళ్లకి తట్టుకునే మెరైన్ రకం.

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఎంత నునుపుగా కనిపించినా తీసుకోవద్దు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు మా నాయన పనిచేసే కొట్టంలోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీసినాక లోపలికి పోయి చూస్తే టేకు దూలాలు బురద పట్టి అట్లే ఉన్నాయి, కడిగి ఆరబెడితే పనికొచ్చినాయి. మామూలు ప్లైవుడ్ పుస్తకం పేజీల్లా పొరలు విప్పుకుంది. ఎండీఎఫ్ షీట్లు చేత్తో పట్టుకుంటే నానిన రొట్టెలా విరిగి పడినాయి. సబ్బు మిశ్రమంలో నీళ్లూ ఉంటాయి, వేడీ ఉంటుంది. ఒక్కసారి షీటు చిరిగితే చాలు, ఆ బోర్డు ఉబ్బిపోతుంది.

ఎర్రచందనం సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మీ కడపవైపు నుంచి నన్ను ఇద్దరు అడిగారు, చిన్న ముక్కలు ఉన్నాయి వాడొచ్చా అని. శేషాచలం, పాలకొండల చెట్టు అది. అనుమతి కాగితాలు లేకుండా ముక్క ఇంట్లో ఉన్నా కేసే. పనికి కూడా పనికిరాదు. దాని ఎర్రరంగు క్షారంలో కరిగి ఊదాగా దిగుతుంది, సబ్బంతా మరకలవుతుంది.

చెక్క ఆరిందో లేదో తెలుసుకోవడానికి నాయన వేలితో తట్టి శబ్దం వినేవాడు. మనకి ఆ చెవి లేదు. నేను చేసేది సులభం. కోయించిన పలకల్ని సబ్బు నూనెలు తూచే వంటింటి తూకం మీదే తూచి, వెనక పెన్సిల్‌తో తేదీ, బరువు రాస్తాను. నీడలో గాలి తగిలేలా నిలబెట్టి వారానికోసారి తూస్తాను. రెండు వారాలు వరుసగా బరువు మారకపోతే ఆరినట్టు. అనంతపురంలో మా అత్తగారింట్లో వేసవిలో మూడు వారాల్లో అయిపోతుంది. వానల్లో కొన్న చెక్కకి రెండు నెలలు కూడా పట్టింది. ఈ ఓపిక లేకుండా బిగిస్తే మే నెలలో అడుక్కీ పక్క పలకకీ మధ్య సందు పడి మిశ్రమం కారుతుంది.

కొలతలకి వద్దాం. అచ్చు లోపలి పొడవు, వెడల్పు, నువ్వు పోయాలనుకున్న ఎత్తు, ఈ మూడూ సెంటీమీటర్లలో గుణించు. వచ్చిన దాన్ని 0.7తో గుణిస్తే ఎన్ని గ్రాముల నూనెలు పడతాయో దాదాపుగా తెలుస్తుంది. నీళ్లు, కాస్టిక్ ఆ లెక్కలో కలిసిపోయినట్టే, వాటికి వేరే చోటు చూడక్కర్లేదు. ఉదాహరణకి పొడవు 25, వెడల్పు 8, పోసే ఎత్తు 6 అనుకో. 1200 వస్తుంది, 0.7తో గుణిస్తే 840 గ్రాముల నూనెలు. రెండున్నర సెంటీమీటర్ల మందంలో కోస్తే పది బిళ్లలు, పచ్చిగా ఒక్కోటి 120 గ్రాముల దాకా తూగుతుంది. నువ్వు కలిపేది అరకేజీ నూనెలు. 500ని 0.7తో భాగిస్తే 714. అదే వెడల్పు, అదే ఎత్తు ఉంచితే పొడవు 15 సెంటీమీటర్లు చాలు.

అయినా 15కి చేయించకు. ఆర్నెల్లలో పక్కింటివాళ్లు, చుట్టాలు అడగడం మొదలుపెడతారు, అప్పుడు చిన్నదైపోతుంది. 25 పొడవుకే చేయించి, లోపల 15 దగ్గర అదనంగా ఇంకో జత గాడి పెట్టించుకో. అడ్డపలకని ఆ గాడిలోకి మారిస్తే అరకేజీ అచ్చు, చివరికి మారిస్తే పెద్ద అచ్చు. ఒకటే పెట్టె.

ఆచారికి సెంటీమీటర్లు చెప్తే తిరిగి అంగుళాల్లోకి మార్చుకుంటాడు, అక్కడ తప్పు దొర్లుతుంది. కాబట్టి అంగుళాలు, నూళ్లలోనే రాసిస్తున్నాను, అంగుళానికి 8 నూళ్ల లెక్కన. పలక మందం 6 నూళ్లు. అడుగు పలక వెడల్పు 3 అంగుళాల 1 నూలు, పొడవు 13 అంగుళాల 4 నూళ్లు. పక్క పలకలు రెండూ అదే పొడవు, ఎత్తు 3 అంగుళాల 6 నూళ్లు. అవి అడుగు పలక మీద కూర్చోవు, దాని అంచుని బయటి నుంచి ఆనుకుని నిలబడతాయి. అందుకే అడుగు మందం కలిపి 6 నూళ్ల ఎత్తు ఎక్కువ. రెండు పక్క పలకల లోపలి ముఖం మీద చివర్ల నుంచి ఒక్కో అంగుళం వదిలి, 6 నూళ్ల వెడల్పు, 2 నూళ్ల లోతు గాడి నిలువుగా తీయాలి. అడ్డపలకలు పైనుంచి ఆ గాడిలోకి దిగుతాయి. వాటి వెడల్పు 3 అంగుళాల 5 నూళ్లు, ఎత్తు 3 అంగుళాలు. గాడిలో కొంచెం వదులు ఉండాలి, పోస్టుకార్డు దూరేంత. బిగుతుగా ఉంటే వానాకాలం రాగానే ఇరుక్కుపోతుంది. ఇంకో జత గాడి, ఒక చివరి అడ్డపలక లోపలి ముఖం నుంచి 6 అంగుళాల దూరంలో.

ఒక పక్క పలకని అడుక్కి మూడు మరలతో శాశ్వతంగా బిగించేయొచ్చు. రెండో పక్కని అడుగుభాగంలో రెండు చిన్న మడతబందులతో కట్టించు. మడతబందు ఒక రెక్క అడుగు పలక కింద, ఇంకో రెక్క పక్క పలక కింది అంచుకి. అప్పుడు ఆ పక్క పలక బయటికి పుస్తకం అట్టలా తెరుచుకుని నేలమీద పడుకుంటుంది. మడతబందు కిందికి ఉబ్బి ఉంటుంది కాబట్టి అడుగు పలక కింద రెండు పట్టీలు కొట్టించు, లేకపోతే పెట్టె ఊగుతుంది, సబ్బు ఒకవైపు ఎత్తు ఒకవైపు పల్లం వస్తుంది. చివర్లలో వదిలిన అంగుళంలో, పైనుంచి అంగుళం కిందికి, రెండు పక్కలకీ ఎదురెదురుగా రంధ్రం వేయించి 6 మిల్లీమీటర్ల మరల కడ్డీ 6 అంగుళాల ముక్క దూర్చి, చెవులున్న నట్లు బిగించుకో. వింగ్ నట్ అంటే ఏ హార్డ్‌వేర్ షాపులో అయినా ఇస్తారు. స్పానర్ అక్కర్లేదు, వేళ్లతో తిప్పేయొచ్చు. కడ్డీలు దొరకని చోట పాత సైకిల్ ట్యూబుని పొడుగు పట్టీలుగా కోసి పెట్టె చుట్టూ లాగి రెండు చోట్ల కట్టు. నేను మొదటి ఏడాదంతా అట్లే నెట్టుకొచ్చాను, చుక్క కారలేదు.

ఆచారికి తప్పకుండా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, చెక్క గీత దిశ. చెక్క గీత వెంబడి పెరగదు, గీతకి అడ్డంగానే ఉబ్బుతుంది, తగ్గుతుంది. అడ్డపలకల్లో గీత అడ్డంగా, అంటే ఒక గాడి నుంచి ఇంకో గాడి వైపు పోవాలి. నిలువుగా పెడితే వానల్లో వెడల్పు పెరిగి గాడిలో బిగుసుకుంటుంది, ఎండల్లో తగ్గి సందు పడుతుంది. అడ్డంగా పెడితే మార్పంతా ఎత్తులో పోతుంది, దానివల్ల నష్టం లేదు. నాయన ఇది నాకు చెప్పలేదు. ఒకసారి నేను నిలువుగా కోసిన పలక తెస్తే మాట్లాడకుండా పక్కన పెట్టి ఇంకోటి కోసి ఇచ్చినాడు. ఎందుకో ఆ సెప్టెంబరులో నాకే తెలిసింది.

లోహాల దగ్గర జాగ్రత్త. స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు, కడ్డీలు వాడు. అల్యూమినియం ఏ రూపంలోనూ దగ్గరికి రాకూడదు. మూల పట్టీలు వద్దు, లోపల ఫాయిల్ వద్దు, మన సిల్వర్ గిన్నె వద్దు. కాస్టిక్ తగలగానే అది నల్లబడి, పొంగి, హైడ్రోజన్ వాయువు వదులుతుంది. మూసిన గదిలో అది నిప్పుకి అంటుకునే వాయువు. జింకు పూత రేకు కూడా అంతే. ఇత్తడి మడతబందులు బయట ఉంటే పర్వాలేదు, కానీ ఇత్తడి, రాగి సబ్బుకి తగిలితే ఆ సబ్బు త్వరగా మురికి నూనె వాసన కొట్టి నారింజ చుక్కలు పడుతుంది.

లోపల ఏం పరచాలన్నది నువ్వు చిన్న ప్రశ్నగా అడిగావు గానీ సగం పని అక్కడే ఉంది. షీటు తప్పదు. వార్నిష్, పెయింట్, మైనం, నూనె, ఏది పూసినా కాస్టిక్ ఏదో ఒకనాటికి దాన్ని దాటుతుంది. చెక్కని లోపల ఏమీ పూయకుండా వదిలెయ్. గరుకు కాగితంతో రుద్ది నునుపు చెయ్, అంతే. బయట కావాలంటే అవిసెనూనె రుద్దుకో.

బటర్ పేపర్ అని కిరాణా షాపుల్లో ఇచ్చేది చవకరకం, అది నాని ముడతలు పడి సబ్బులోనే ఉండిపోతుంది. బేకరీ సామాను షాపుల్లో సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ అని అడుగు. అది బాగుంటుంది, కానీ ఒకసారికే. నేను ఎక్కువగా వాడేది మందపాటి పాలిథీన్ షీటు, కడిగి తుడిచి పది పదిహేనుసార్లు వాడతాను. అది కూడా కొనక్కర్లేదు అనుకుంటే పాల ప్యాకెట్లు. మూడు వైపులా కత్తిరించి విప్పి, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టు. అక్షరాలు అచ్చేసిన వైపు చెక్కకి, ఖాళీ వైపు సబ్బుకి ఉండాలి. రంగు అచ్చు సబ్బుకి తగిలితే అక్షరాలు సబ్బు మీదికి దిగుతాయి.

పరిచే పద్ధతి ఇది. రెండు పట్టీలు కోసుకో. ఒకటి 10 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు, పక్కల మీదికి ఎక్కేది. ఇంకోటి 3 అంగుళాల 1 నూలు వెడల్పు, 18 అంగుళాల పొడవు, అడ్డపలకల మీదికి ఎక్కేది. ముందు చెక్కకి వేలితో కొంచెం కొబ్బరినూనె రాయి, షీటు చెక్కకి అంటుకుని కదలకుండా ఉంటుంది. వెడల్పు పట్టీని ముందుగా పరిచి, మూలల్లో పాత ఏటీఎం కార్డు అంచుతో నొక్కుతూ పో. పుస్తకానికి అట్ట వేసేటప్పుడు గోరుతో మడత తీస్తాం చూడు, అట్లా పదునుగా మడత పడాలి. దాని మీద పొడుగు పట్టీ. పైన మిగిలిన అంచుల్ని బయటికి మడిచి బట్టల క్లిప్పులు పెట్టు. షీటులో ముడత ఉంటే సబ్బు మీద గీత పడుతుంది. మూలలో గాలి ఉంటే అక్కడ మూల గుండ్రంగా వస్తుంది. పెద్ద అచ్చుగా వాడేటప్పుడు మధ్యలో ఖాళీగా ఉన్న గాడిలోకి సన్నని చెక్క పట్టీ దూర్చిపెట్టు, లేకపోతే బరువుకి షీటు ఆ గాడిలోకి ఉబ్బి సబ్బుకి వెన్నెముక లేస్తుంది. పట్టీలు అతుక్కునే మూలల్లో పల్చటి మిశ్రమం కొంచెం జారొచ్చు. అందుకే దోసెపిండి కంటే కొంచెం చిక్కబడ్డాక పొయ్యి. ఇడ్లీపిండిలా గట్టిబడితే మాత్రం ఆలస్యమైనట్టు, లోపల గాలి బుడగలు ఉండిపోతాయి. పోశాక పెట్టెని రెండు చేతులా పట్టుకుని నేలకి నాలుగుసార్లు మెల్లగా తాటించు.

పోసిన తర్వాత వేడి గురించి చెప్పాలి. ఇది మన రాయలసీమవాళ్లకి ప్రత్యేకం. కాస్టిక్, నూనె కలిసి సబ్బుగా మారేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క ఆ వేడిని బయటికి పోనివ్వదు, అందుకే చెక్క అచ్చులో సబ్బు మధ్య నుంచి అంచుల దాకా ఒకేలా జెల్లీలా మారి, మెరుపుగా గట్టిపడుతుంది. చలిదేశాల పద్ధతులు చదివితే అచ్చుకి తువ్వాళ్లు చుట్టి పెట్టమంటారు. ఏప్రిల్‌లో నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో అట్లా చుట్టావంటే సబ్బు నడిమధ్య పగులుతుంది, ఒక్కోసారి అగ్నిపర్వతంలా పొంగి పెట్టె దాటి పారుతుంది. బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు నీ నూనెలు కాచకుండానే వెచ్చగా ఉంటాయి. ఎండాకాలం సబ్బు తెల్లవారుజామున ఐదింటికి కలుపు. కాస్టిక్ నీళ్లు ముందురోజు రాత్రే కలిపి, మూతపెట్టి, పేరు రాసి, పిల్లలకి అందని చోట చల్లారనివ్వు. పెట్టెకి మూత పెట్టకుండా బండల నేల మీద ఉంచు, నేల కిందినుంచి వేడి లాగుతుంది. మేకపాలు, తేనె, బెల్లం వేసిన సబ్బు ఇంకా వేడెక్కుతుంది, దానికి ఫ్యాను కూడా పెట్టు. గంట గంటకీ పైన చెయ్యి పెట్టకుండా చూడు. మధ్యలో ముదురు రంగు కనిపించి గీతలా చీలబోతుంటే పెట్టెని గాలిలోకి మార్చు.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇదంతా తలకిందులు. అప్పుడు పలక మూతపెట్టి కంబళి కప్పు. గొర్రె ఉన్ని కంబళి ఒకటి మా ఇంట్లో ఈ పనికే ఉంది. కప్పకపోతే జెల్లీ మధ్యలో మాత్రమే పట్టి, కోస్తే బిళ్ల మధ్య ముదురు వలయం కనిపిస్తుంది. వాడుకోవడానికి ఏ నష్టం లేదు, చూపుకే.

ఎప్పుడు తీయాలంటే నూనెల్ని బట్టి. కొబ్బరినూనె ఎక్కువైతే ఇరవై నాలుగు గంటల్లోపే తీసి కోసెయ్, ఆలస్యమైతే కత్తి పెడితే పెంకుల్లా విరుగుతుంది. మనవైపు శనక్కాయల నూనె చౌకగా, తాజాగా గానుగలో దొరుకుతుందని సగానికి పైగా అదే వేస్తాం కదా, అది మెత్తటి సబ్బు. రెండు మూడు రోజులు పెట్టెలోనే ఉంచు. పైన వేలితో నొక్కితే గుంట పడకూడదు, జున్ను గడ్డలా కాకుండా ఎండిన పాలకోవాలా ఉండాలి. అప్పుడు నట్లు విప్పు, మడతబందు పక్క కిందికి పడుతుంది, అడ్డపలకలు పైకి లాగు, షీటు పట్టుకుని మొత్తం దిమ్మని ఎత్తు. షీటుని మూల నుంచి సబ్బుకి సమాంతరంగా మెల్లగా లాగితే ఒక్క చప్పుడుతో ఊడి వస్తుంది. అడుగున అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ చప్పుడు కోసం మా పాప ఇప్పటికీ పక్కనే కూర్చుంటుంది. చేతి తొడుగులు మాత్రం తీయొద్దు, పాపని ముట్టనివ్వొద్దు, ఆ రోజుకి ఇంకా కాస్టిక్ పూర్తిగా చావదు.

కోయడానికి ఇంకో చిన్న పెట్టె కూడా చేయించుకో. మూత లేదు, చివర్లు లేవు, రెండు పక్కలకీ ఎదురెదురుగా రంపం గాడి ఒకటే. దిమ్మని లోపల పెట్టి చివర నుంచి అంగుళం ముందుకి జరుపుతూ వెడల్పాటి చాకుని గాడిలోంచి దించు. అన్ని బిళ్లలూ ఒకే మందం. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు చెక్క పట్టీల మీద ఒకదానికొకటి తగలకుండా నీడలో ఆరబెట్టు.

నీ కాస్టిక్ గిన్నె మీ ఇంటి బయటి కడప బండ అరుగు మీద పెట్టుకున్నావని రాశావు. మంచి చోటే, గాలి ఆడుతుంది, కడప బండకి కాస్టిక్ ఏమీ చేయదు. కానీ ఒలికితే వెనిగర్ పోయొద్దు. ఆ బండ సున్నపురాయి, పులుపు తగిలితే మెరుపు పోయి తెల్లమచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. బోలెడు నీళ్లతో కడుగు. చేతి మీద పడ్డా అంతే, కుళాయి కింద కనీసం ఇరవై నిమిషాలు పెట్టాలి, వెనిగర్ రాయకూడదు. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఎప్పుడూ నీళ్లలో కాస్టిక్ వెయ్యి, కాస్టిక్ మీద నీళ్లు పోయొద్దు, చిమ్ముతుంది. కళ్లని పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు లేకుండా ఒక్కసారి కూడా కలపొద్దు చెల్లీ. నాకు చెయ్యి మీద ఒక మచ్చ ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నీ టేకు పెట్టెని పారెయ్యొద్దు. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో లోపల రుద్దు, మిగిలిన లక్కంతా కరిగి వస్తుంది. చెక్కలోకి దిగిన క్షారం పోవడానికి వెనిగర్ కలిపిన నీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో ఒకసారి తుడువు. ఇది చెక్కకే, అరుగు మీద కాదు, బకెట్ దగ్గర చెయ్. నీడలో వారం ఆరాక గరుకు కాగితం పెట్టి రుద్దు. తర్వాత ఆచారి దగ్గరికి తీసుకెళ్లి, పొడుగు పక్కల్లో ఒకదాన్ని అంచు వెంబడి రంపంతో కోసి విడదీయమను. రంపం తిన్న మేరకి సన్నపట్టీ ఒకటి అతికి, అదే పలకని మడతబందులతో తిరిగి కట్టమను. పెట్టె బయటివైపు పాలిష్ అట్లే ఉండనివ్వు, అందంగా ఉందన్నావు కదా. కోసే ముందు లోపలి కొలత సెంటీమీటర్లలో రాసి పంపు, ఎన్ని గ్రాముల నూనెలు పడతాయో లెక్క కట్టి చెప్తాను.